వార్తల్లో పదం: ట్రైబోఎలక్ట్రిక్ నానోజనరేటర్

ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వితే అది కాగితం ముక్కల్ని లాగుతుంది. రాపిడితో పుట్టే ఆ ఆవేశాన్నే కరెంటుగా మార్చే పరికరం ఇది. అమెరికాలోని జార్జియా టెక్‌లో జాంగ్ లిన్ వాంగ్ బృందం 2012లో దీన్ని ప్రకటించింది.

చిక్కంతా తేమతోనే.

ఉపరితలంపై నీటి పొర చేరితే ఆవేశం జారిపోతుంది. ఒంటిపై ధరిస్తే చెమట పట్టిన చోట బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే పరిశోధకులు నీటిని అంటనివ్వని ఫ్లోరిన్ పాలిమర్లను, బ్యాక్టీరియాను చంపే వెండి నానోకణాలను, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను ఇందులో వాడి చూస్తున్నారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత రైతులకు పరిచయమైన పట్టుకూ ఇందులో చోటుంది. పట్టుదారంలోని ఫైబ్రోయిన్ ప్రొటీన్ రాపిడిలో ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుతుంది. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గాలపై చీరగా మారే దారంలో ఉన్నదీ ఆ ప్రొటీనే.

పుట్టే కరెంటు స్వల్పమే. అయినా నాడిని, శ్వాసను గమనించే చిన్న సెన్సర్లు బ్యాటరీ లేకుండా పనిచేయడానికి అది అక్కరకొస్తుంది.