వార్ధక్యంలో దుఃఖం - సుందర సహనం

సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిపై శాంతి, శుభాలు కురియుగాక.

ధార్మిక సోదరులారా!

మన పెద్దలలో కొందరు తమ దుఃఖాన్ని ఎవరికీ చెప్పుకోరు. జీవిత భాగస్వామిని ఖననం చేసి వచ్చినవారు, గల్ఫ్‌కు వెళ్లిన బిడ్డల కోసం ఎదురుచూసేవారు, మోకాళ్లు సహకరించక మసీదుకు దూరమైనవారు, కంట నీరు పెడితే ఈమాన్ బలహీనమైనట్లేనని భయపడి లోలోపలే కుమిలిపోతారు. ఈ భయానికి ధర్మంలో ఆధారం లేదు.

దివ్య ఖుర్ఆన్ 12వ సూరాలో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గాథ ఉంది. ప్రియపుత్రుడు యూసుఫ్ దూరమైనప్పుడు ఆయన సుందరమైన సహనాన్ని అవలంబించారు. అయినా దుఃఖం ఆయనను వీడలేదు, కళ్లు తెల్లబడిపోయాయి. ఇంకా యూసుఫ్ ధ్యాసేనా అని కుమారులు ఆక్షేపించగా, తన వేదనను అల్లాహ్‌కే విన్నవించుకుంటున్నానని బదులిచ్చారు. ఆ వెంటనే, యూసుఫ్‌నూ అతని తమ్ముడినీ వెదకమని, దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని వారిని ఆదేశించారు.

గమనించండి! ఒకే హృదయంలో దుఃఖమూ ఉంది, ఆశా ఉంది. దైవనిర్ణయాన్ని నిందించకుండా, మొరను ప్రభువు సన్నిధిలోనే ఉంచి, చేయవలసిన పనిని విడువకపోవడమే సహనం. కన్నీరు దానికి విరుద్ధం కాదు. దైవప్రవక్త (స) సయితం తమ పసికుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారు. అది కారుణ్యమని తెలియజేశారు.

ఇక శరీరం బలహీనపడినవారి మాట. వ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి దైవప్రవక్త (స) నిలబడి నమాజు చేయమని, వీలుకాకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి చేయమని బోధించారు. ఆరోగ్యవంతుడిగా ఉన్నప్పుడు చేసిన సత్కర్మల పుణ్యం, వ్యాధిగ్రస్తుడైనప్పుడు కూడా దాసుని ఖాతాలో వ్రాయబడుతుందని సహీహ్ బుఖారీ హదీసు తెలుపుతోంది. ఏళ్ల తరబడి ఫజ్ర్ జమాఅత్‌ను విడువని పెద్దాయన నేడు మంచాన పడినంతమాత్రాన అల్లాహ్ దృష్టిలో వెనుకబడిపోలేదు. కుర్చీలో కూర్చుని నమాజు చేయడానికి ఆయన సిగ్గుపడనవసరం లేదు.

యువకులారా! దుఃఖంలో ఉన్న పెద్దలకు సబ్ర్ చేయమని ఒక్క మాట చెప్పి లేచిపోకండి. యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుల వలె ఆక్షేపించకండి. ఈ జుమా నమాజు ముగిశాక, మసీదుకు రాలేకపోతున్న ఒక పెద్దాయన ఇంటికి వెళ్లి, కాసేపు ఆయన చెప్పేది వినండి. ఆయన దుఆను మీ కోసం కోరండి.

ఓ అల్లాహ్! మా వృద్ధుల హృదయాలకు నీ స్మరణతో ప్రశాంతతను ప్రసాదించు. వారి సేవాభాగ్యాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్.