పేరుకు మేనేజరు... మోసేది మేస్త్రి బరువు

ఇంట్లో కూర్చుని అమెరికా పని చేసేవారికి 'ప్రమోషను' వెనుక కనిపించని కష్టాలు

రాత్రి పదిన్నర దాటింది. ఊరు సద్దుమణిగింది. రచ్చబండ దగ్గర కుక్కల అరుపులు తప్ప మరో అలికిడి లేదు. ఒక్క ఇంట్లో మాత్రం దీపం వెలుగుతూనే ఉంది. గదిలో ల్యాప్‌టాప్ ముందు డిగ్రీ చదివిన ఓ అమ్మాయి కూర్చుని ఇంగ్లీషులో మెల్లగా మాట్లాడుతోంది. అవతలి మనిషి ఉన్నది న్యూయార్కులో. చలికాలమైతే అక్కడ అప్పుడు మిట్టమధ్యాహ్నం. "ఇంత రాత్రప్పుడు ఏం పనే మీ అమ్మాయికి?" అని పక్కింటి పెద్దమ్మ అడిగితే తల్లి చెప్పే జవాబు ఒకటే. "ఏదో కంప్యూటరు పనిలే అక్కా."

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ఇంటర్నెట్ పల్లెలకు వచ్చాక, ముఖ్యంగా 2020లో కరోనా లాక్‌డౌన్ తరువాత, ఇలా రాత్రిళ్ళు దీపం వెలిగే ఇళ్ళు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. ఆ 'ఏదో కంప్యూటరు పని'కి ఒక పేరుంది. వర్చువల్ అసిస్టెంట్. అంటే ఎదుట కూర్చోకుండా, దూరాన ఉండి పనిచేసే సహాయకుడు లేక సహాయకురాలు.

గుమాస్తా పనే, ఊరు మాత్రం వేరు

పని పెద్ద వింతేమీ కాదు. రైసుమిల్లులో గుమాస్తా చేసే పనే. యజమానికి వచ్చిన ఉత్తరాలు చూడడం, జవాబులు రాయడం, ఎవరిని ఎప్పుడు కలవాలో గుర్తు చేయడం, బిల్లులు పంపడం, లెక్కలు ఎక్కించడం. యజమాని అమెరికాలోనో, ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటాడు. చిన్న వ్యాపారం చేసుకునేవాడై ఉంటాడు. అక్కడ జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలంటే ఖర్చెక్కువ. అందుకని ఇంటర్నెట్ ద్వారా ఫిలిప్పీన్స్‌లోనో, ఇండియాలోనో మనిషిని వెతుక్కుంటాడు. ఇలా యజమానినీ పనివారినీ కలిపే సైట్లు ఉన్నాయి. 1999లో మొదలైన ఈలాన్స్, 2003లో మొదలైన ఓడెస్క్ కలిసిపోయి 2015లో 'అప్‌వర్క్' అనే పేరు పెట్టుకున్నాయి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి.

ఒకే యజమాని దగ్గర ఏడాదో రెండేళ్ళో నమ్మకంగా చేస్తే ఒక రోజు కబురు వస్తుంది. "నువ్వు బాగా చేస్తున్నావు. ఇకనుంచి మొత్తం వ్యవహారం నువ్వే చూసుకో. నీ హోదా ఆన్‌లైన్ బిజినెస్ మేనేజర్." ఈ హోదాకు ప్రచారం తెచ్చినవారిలో కెనడాకు చెందిన టీనా ఫోర్‌సైత్ ముఖ్యురాలు. ఆమె 2008లో ఈ పని గురించి పుస్తకమే రాశారు. సహాయకురాలు చెప్పిన పని చేస్తుంది. మేనేజరు ఏ పని ఎవరు ఎప్పుడు చేయాలో చెబుతుంది. స్థూలంగా తేడా అదే.

కబురు విన్న రోజు ఇంట్లో పండుగే. అసలు సంగతులు తెలిసేది రెండో నెలలో.

మేస్త్రి అయితేగాని తెలియదు

ఈ మార్పు ఏమిటో పల్లెవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. నాట్ల ముఠాను తలచుకుంటే చాలు. కూలికి వెళ్ళిన మనిషి తన వరస తాను నాటుకుంటే సరిపోతుంది. పొద్దు వాలితే గట్టెక్కి ఇంటికి పోవచ్చు. అదే మనిషి ముఠా మేస్త్రి అయితే ఆమె నాటేది తగ్గుతుంది గాని తల బరువు పెరుగుతుంది. ఎకరం ఎంతకు ఒప్పుకోవాలి, ఎంతమంది కావాలి, ఇద్దరు రాకపోతే ఎవరిని పిలవాలి, నీళ్ళు పెట్టారో లేదో అన్నీ ఆమే చూడాలి. నాటు పలచబడితే రైతు అడిగేది కూలీని కాదు, మేస్త్రిని. కూలీ ఆలస్యమైనందుకు కోప్పడితే ఆమెతో మాట పడేదీ మేస్త్రే.

కంప్యూటరు ముందు కూర్చున్నా ధర్మం అదే. నిన్నటిదాకా తాను రాసే ఉత్తరాలు తప్పు లేకుండా ఉంటే చాలు. ఇప్పుడు బొమ్మలు గీసేవాడు ఒక దేశంలో, లెక్కలు చూసేది మరో దేశంలో, ప్రకటనలు వేసేవాడు ఇంకో దేశంలో. అందరి పనీ తనదే. ఒకడు గడువుకు పని ఇవ్వకపోతే యజమాని ముందు తలవంచుకునేది తానే.

పేరు పెరిగి కూలి తగ్గితే

మొదటి చిక్కు డబ్బు దగ్గరే. ఒక లెక్క వేసి చూద్దాం. గంటకు 5 డాలర్ల చొప్పున నెలకు 80 గంటలు పనిచేసే అమ్మాయికి 400 డాలర్లు వస్తాయనుకుందాం. మేనేజరును చేసి యజమాని "ఇక గంటల లెక్క వద్దు, నెలకు 450 ఇస్తాను" అన్నాడు. వినడానికి 50 డాలర్లు ఎక్కువే. కాని పని 120 గంటలకు పెరిగింది. 450ని 120తో భాగిస్తే గంటకు 3 డాలర్ల 75 సెంట్లు. హోదా పెరిగింది, కూలి తగ్గింది!

గంటలు ఇలా పెరగడానికి కారణముంది. మేనేజరు పనిలో సగం కంటికి కనిపించదు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఆలోచించడం, రాబోయే చిక్కును ముందే పసిగట్టడం, అలిగినవారిని సముదాయించడం. వీటికి గడియారం కొట్టదు, బిల్లు వేయడానికి వీలుండదు. అన్నం తింటున్నా, పడుకున్నా బుర్రలో అదే తిరుగుతుంటుంది.

పైగా వచ్చిన డబ్బంతా చేతికి రాదు. అప్‌వర్క్ 2023 మే నుంచి పనివారి రాబడిలో 10 శాతం మినహాయించేది. 2025లో కొత్త ఒప్పందాలకు పనిని బట్టి 0 నుంచి 15 శాతంగా మార్చింది. ఆపైన డాలర్లు రూపాయలయ్యే చోట మారకం ఖర్చు. తూకంలో తరుగు, దారిలో కారు తెలిసిన రైతుకు ఈ బాధ కొత్తది కాదు.

పాత పని పోలేదు, కొత్త పని వచ్చింది

రెండో చిక్కు దీనికన్నా గడ్డుది. మేనేజరును చేసిన యజమాని పాత పనులు చేయడానికి మరో మనిషిని పెట్టడు. పగలు పథకాలు వేయాలి, రాత్రి మళ్ళీ ఉత్తరాలకు జవాబులూ తానే రాయాలి. ఏరు దాటాక కూడా తెప్పను భుజాన మోసినట్టు! యజమానికీ అలవాటు పోదు. పెద్ద విషయం మాట్లాడుతూ మాట్లాడుతూనే "అన్నట్టు, నాకు రైలు టిక్కెట్టు తీయి" అంటాడు.

తప్పంతా యజమానిదే అనడానికీ లేదు. చాలామంది సహాయకులు తమ చేత్తో చేసిన పనిని ఇంకొకరికి అప్పగించలేరు. "వాళ్ళకు చెప్పేలోగా నేనే చేసేస్తాను" అనుకుంటారు. ఆ ఒక్క మాటే మేనేజరును మళ్ళీ గుమాస్తాను చేస్తుంది. పని ఎలా చేయాలో ఒకసారి వివరంగా రాసిపెట్టి, ఇంకొకరికి నేర్పి, వారు చేసిన మొదటి తప్పులను ఓర్చుకోవడం ఈ హోదాలో మొదటి పాఠం.

మూడో చిక్కు అధికారం. బాధ్యత ఇచ్చినవాడు పెత్తనం ఇవ్వడు. పనిచేయనివాడిని తీసేయడానికి వీలు లేదు, పది డాలర్లు ఖర్చు పెట్టాలన్నా అడగాలి. పగ్గాలు ఒకరి చేతిలో, నిందలు ఇంకొకరి నెత్తిన. పోనీ గట్టిగా చెబుదామా అంటే, నిన్నటిదాకా "అలాగేనండి" అనడమే అలవాటైన నోరు. "ఇది ఇలా చేస్తే నష్టపోతారు" అని యజమానికి ఎదురుగా చెప్పడం ఒక్క రోజులో రాదు. కాని మేనేజరుకు జీతమిచ్చేది ఆ మాట చెప్పడానికే.

రాత్రి పగలైన బతుకు

సహాయకురాలిగా ఉన్నప్పుడు చాలా పనులు పగలే ముగించి పంపవచ్చు. యజమాని లేచి చూసుకుంటాడు. మేనేజరుకు అలా కుదరదు. నలుగురూ కూడే మీటింగులో తాను ఉండాలి. న్యూయార్కులో ఉదయం తొమ్మిదంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడ మార్చిలో గడియారం గంట ముందుకు, నవంబరులో వెనక్కు జరుపుతారు. కాలిఫోర్నియా అయితే మరో మూడు గంటలు ఆలస్యం. అంటే అక్కడ ఉదయం తొమ్మిదింటికి మీటింగు పెడితే ఇక్కడ వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర.

ఇంట్లో వంటకూ పిల్లల చదువుకూ అదే సమయం. పగలు నిద్రపోదామంటే "పట్టపగలు పడకేమిటి" అనే మాట. ఇల్లాలైతే ఇంటి చాకిరీ ఎలాగూ తప్పదు. మీటింగు మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టరు, ఇంటర్నెట్ పోతే ఫోనులోని డేటా. రెండూ ఆగిపోతే మాట పోతుంది. ఆఫీసుకు వెళ్ళి వచ్చే మనిషికి దక్కే గౌరవం, విశ్రాంతి ఇంట్లో కూర్చుని పనిచేసేవారికి దక్కకపోవడం విచారకరం.

మేనేజరు అన్నా కాగితం లేదు

హోదా ఎంత పెద్దదైనా ఇది ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు, గ్రాట్యుటీ లేదు, జీతంతో సెలవు లేదు. బ్యాంకుకు అప్పుకోసం వెళితే శాలరీ స్లిప్పు అడుగుతారు. అది లేనివారికి ఆదాయపు పన్ను రిటర్నులే ఆధారం. అందుకే పన్ను పడినా పడకపోయినా ఏటేటా రిటర్ను వేసుకోవడం మంచిది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జి.ఎస్.టి. రిజిస్ట్రేషను కూడా కావాలి. విదేశాల నుంచి డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే కాగితాలు పారేయకుండా దాచుకోవాలి. తెలిసిన ఆడిటరును ఏడాదికి ఒకసారి కలిస్తే ఖర్చు కొద్దే, నిశ్చింత ఎక్కువ.

అన్నిటికన్నా పెద్ద భయం ఒకే యజమాని మీద ఆధారపడడం. సహాయకురాలిగా ఉన్నప్పుడు ముగ్గురు నలుగురికి పనిచేయవచ్చు. ఒకరు మానుకున్నా పొయ్యి ఆగదు. మేనేజరు అయ్యాక ఒకరికో ఇద్దరికో తప్ప చేయడం సాధ్యం కాదు. ఆ ఒక్క వ్యాపారం దివాలా తీస్తే మరునాటి నుంచి రాబడి సున్నా. ఒకే పంట వేసి వానకోసం ఆకాశం వైపు చూసే రైతు పరిస్థితే ఇదీ.

యంత్రం కూడా పోటీకి వచ్చింది

ఇన్ని కష్టాలుంటే సహాయకురాలిగానే ఉండిపోతే పోలేదా అనిపించవచ్చు. అక్కడా చిక్కుంది. 2022 నవంబరు 30న చాట్‌జిపిటి వచ్చాక ఉత్తరం రాయడం, పెద్ద కాగితాన్ని కుదించి చెప్పడం, పట్టికలు తయారు చేయడం వంటి పనులు యంత్రమే క్షణాల్లో చేస్తోంది. చెప్పింది చెప్పినట్టు చేసే పనికి విలువ తగ్గుతోంది. నలుగురిని నడిపించడం, అలిగిన ఖాతాదారును దారికి తేవడం, ఏది ముందు ఏది వెనక అని నిర్ణయించడం మాత్రం ఇంకా మనిషి చేతిలోనే ఉన్నాయి. మేనేజరు పని వైపు చూడక తప్పనిదీ అందుకే.

ఒప్పుకునే ముందు

హోదా వద్దనుకోనక్కర్లేదు. ఒప్పుకునే ముందు కాగితం మీద పెట్టించుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఏ పనులు తనవో, ఏవి కావో జాబితా రాసుకోవాలి. పాత పనులు ఎవరికి, ఎప్పటిలోగా అప్పగించాలో అందులోనే ఉండాలి. రెండోది, ఎంత ఖర్చు వరకు తానే నిర్ణయించవచ్చో, పనివారిని పెట్టుకోవడంలో తన మాట ఎంతవరకు చెల్లుతుందో తేల్చుకోవాలి. మూడోది, ముందు మూడు నెలలు చేసి చూస్తానని చెప్పి, ఆ మూడు నెలల్లో నిజంగా ఎన్ని గంటలు పడుతున్నాయో పుస్తకంలో రాసుకోవాలి. తరువాత ఆ లెక్క చూపించే జీతం మాట్లాడాలి. నాలుగోది, మానిపించాలంటే కనీసం నెల ముందు చెప్పాలన్న షరతు ఉండాలి. అయిదోది, మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకున్నాకే మిగతా యజమానులను వదులుకోవాలి.

మరో హెచ్చరిక. ఈ పనుల పేరు చెప్పి మోసం చేసేవారూ బయలుదేరారు. పని ఇవ్వడానికి ముందు డిపాజిట్టు కట్టమన్నా, శిక్షణ రుసుమన్నా, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. అడిగినా అది పని కాదు, వల. డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నెంబరుకు ఫోను చేయాలి.

ఇంటివారు కూడా ఒక సంగతి గ్రహించాలి. ఆ గదిలో జరిగేది 'ఏదో కంప్యూటరు పని' కాదు. నాలుగు దేశాల మనుషులను ఒక తాటి మీద నడిపే పని. తెల్లవారాక ఆమె రెండు గంటలు ఎక్కువ పడుకుంటే అది సోమరితనం కాదు. మీటింగు గంటసేపు తలుపు దగ్గరగా వేసి, పొయ్యి మీది పాలు ఇంకొకరు చూసుకుంటే అదే ఆమెకు పెద్ద సాయం.

కూలీలందరూ మేస్త్రులు కానక్కర్లేదు. చక్కగా నాటే చేతికీ విలువ ఉంది. కాని మేస్త్రి కావాలనుకున్నవారు గట్టు మీద నిలబడి పొలమంతా చూడడం నేర్చుకోవాలి. ఎకరానికి ఎంతో మడిలో దిగకముందే మాట్లాడుకోవాలి. దిగాక అడిగితే రైతైనా ఒప్పుకోడు, అమెరికా యజమానైనా ఒప్పుకోడు.