పుట్టినతేదీ, యంత్రము, లొకేల్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠశాలలనుండి విద్యార్థుల పట్టికలు ఒకచోట చేరినవనుకొందము. ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో ఉన్నచో కంప్యూటరు జగిత్యాలను ముందుంచును. తెలుగులో ఉన్నచో కోరుట్లను. జ కన్న క ముందుది గదా! ఇది లిపివలని మార్పు, నష్టము లేదు. కాని పుట్టినతేదీ గడిలో 05/06/2012 అని ఉన్నచో? మనకది జూన్ 5. అమెరికా పద్ధతికి అమర్చిన యంత్రమునకు మే 6. రెండును ఉండదగిన తేదీలే గనుక యంత్రము అభ్యంతరము చెప్పదు. 25/06 అయినచో ఇరువదియైదవ నెల లేదు గనుక తప్పు బయటపడును. నెలలో మొదటి పండ్రెండు దినములలో పుట్టిన పిల్లలకే ఈ చిక్కు.

తేదీ, అంకెల మధ్య కామా, నాణెపు గుర్తు, అక్షరముల వరుస - ఒక ప్రాంతపు ఇట్టి అలవాట్ల కూర్పునకు లొకేల్ అని పేరు. లినక్సు అను ఆపరేటింగ్ సిస్టములో తెలుగు లొకేల్ పేరును ఇట్లు వ్రాయుదురు: చిన్నబడిలో టీ, ఈ అను అక్షరములు తెలుగునకు అంతర్జాతీయ సంకేతము. (టీ, ఎల్ అని ఊహించి వ్రాయరాదు, అది ఫిలిప్పీన్సులోని తగలాగు భాషది.) పిదప అడుగుగీత. పెద్దబడిలో ఐ, ఎన్ అనగా భారతదేశము. తరువాత చుక్క పెట్టి యూటీఎఫ్-8. ఇది అక్షరములను భద్రపరచు పద్ధతి. ఇందులో మన గుణింతపు గుర్తు ఒక్కొక్కటియు 3 బైట్లు పట్టును. పేరులో రాష్ట్రమునకు, జిల్లాకు చోటు లేదు. కావున 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడుగాని, 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినప్పుడుగాని దీనిని మార్చవలసిన పని కలుగలేదు.

ఈ అలవాట్లను విడివిడిగా కూడ అమర్చవచ్చును. లాంగ్ అన్నిటికి సామాన్యము. ఎల్‌సీ టైమ్ తేదీకి, ఎల్‌సీ న్యూమరిక్ అంకెలకు, ఎల్‌సీ మానిటరీ డబ్బునకు. ఎల్‌సీ ఆల్ అనునది తక్కినవానినన్నిటిని త్రోసివేయును. దానిని పరీక్షకు తప్ప వాడకుండుట మేలు. తెరపై మాటలు ఇంగ్లీషులోనే ఉంచి, అంకెలను మాత్రము మన దేశపు లొకేలునకు మార్చినచో 1,234,567 అనునది 12,34,567 అగును. లక్షలు చప్పున కంటికి తెలియును.

పేరు తప్పు వ్రాసినను, ఆ లొకేల్ యంత్రములో లేకున్నను, సాధారణముగా ‘సి’ అను మూల లొకేలే పనిచేయును. అందులో తేదీ మరల నెలతోనే మొదలగును! కనుక ‘లొకేల్ -ఎ’ అను ఆజ్ఞతో ఉన్న పేర్లను ముందుగా చూచుకొనవలెను.

సిరిసిల్లనుండి భివండి మగ్గములకు వెళ్లిన నేతపనివారికి పైన చెప్పిన పేరే చాలును. కోరుట్లనుండి దుబాయి వెళ్లినవారికి భాష తెలుగే గాని, డబ్బు దిర్హములు. వారు లాంగ్‌ను తెలుగునకు ఉంచి, ఎల్‌సీ మానిటరీని మాత్రము ఆ దేశపు లొకేలునకు మార్చుకొనవలెను.