హైదరాబాదు ఫుట్‌బాలు: రెండు జట్ల కథ

ఇటీవల మేము ఒక కార్యక్రమపు పనిమీద మునగాల పోయితిమి. హైదరాబాదునుండి బెజవాడకు పోవు రహదారిలో సూర్యాపేట దాటినపిదప, కోదాడ చేరకమునుపే వచ్చు ఊరది. సాయంకాలమున కొందరు పిల్లలు ఒక మైదానములో బంతి ఆడుచుండిరి. వారిలో ఒకడు హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బువారి పసుపుపచ్చని చొక్కా తొడిగియుండెను. ఆట ముగిసినంతనే ఆ బాలుడు మాయొద్దకు వచ్చి, “సార్, మన జట్టు ఢిల్లీకి పోయిందట గదా! ఇంక మనకు ఏ జట్టు ఉన్నట్టు?” అని అడిగెను. మేము అప్పటికప్పుడు సమాధానము చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నకు మేము ఆలోచించుకొన్న సమాధానమే నేటి ఈ ప్రసంగము.

ఆ బాలుడు పుట్టుటకు ఎన్నియో యేండ్లకు పూర్వము హైదరాబాదునకు వేరొక జట్టు ఉండెను. అది పోలీసు జట్టు. మొదట సిటీ ఆఫ్ఘన్స్ అను పేరుతోను, పిమ్మట హైదరాబాదు సిటీ పోలీసు అను పేరుతోను అది ప్రసిద్ధికెక్కెను. ఆనాటి మునగాల సంగతి కొంత విచిత్రమైనది. చుట్టునున్న భూమి అంతయు హైదరాబాదు రాజ్యమునకు చెందగా, మునగాల పరగణా మాత్రము కృష్ణా జిల్లాలో భాగమై ఉండెను. 1959లోగాని అది నల్లగొండ జిల్లాలో చేరలేదు. కావున హైదరాబాదు పోలీసు జట్టు మొదటి విజయములు సాధించిన రోజులలో, మునగాలవారికి అది పొరుగురాష్ట్రపు జట్టే. అయినను మంచి ఆటకు పొలిమేరలు అడ్డురావు.

ఆ కాలమున మన దేశములో ఫుట్‌బాలు అనగా ముఖ్యముగా రెండు పోటీలు. ఒకటి 1888లో సిమ్లాలో పుట్టిన డ్యూరాండు కప్పు. రెండవది బొంబాయిలో జరుగు రోవర్సు కప్పు. కలకత్తా జట్లు ఆనాడు మిక్కిలి బలమైనవి. అట్టి స్థితిలో హైదరాబాదు పోలీసులు 1950లో రోవర్సు కప్పును గెలుచుకొనిరి. ఆపై 1951, 52, 53, 54 సంవత్సరములలోను ఆ కప్పు వారిని విడిచి వేరొకరి చేతికి పోలేదు. స్వాతంత్ర్యానంతరము డ్యూరాండు పోటీలు తిరిగి ఆరంభమైన 1950లోనే వారు మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పునుకూడ తెచ్చిరి. మరల 1954లోను, 1957లోను డ్యూరాండు వారిదే అయ్యెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు అను కొత్త పేరుతో 1961లో నాలుగవ పర్యాయము దానిని గెలిచిరి. రోవర్సు కప్పు మొత్తము తొమ్మిది పర్యాయములు వారికి దక్కెను. అందులో 1962 నాటి కప్పును మాత్రము ఈస్టు బెంగాలుతో పంచుకొనిరి.

ఈ విజయముల వెనుక నున్నవాడు ఒక బడిపంతులు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఉపాధ్యాయవృత్తి నవలంబించిన ఆయన, 1950లో పోలీసు జట్టు శిక్షణభారమును వహించెను. పంతులు పాఠము చెప్పినట్లే ఆయన ఆట నేర్పెను. కుడికాలి వాటమున్న బాలుడు ఎడమకాలితోనే ఆడవలెనని పోటీలు పెట్టెను. బంతిని కాలివద్ద నుంచుకొని ఒంటరిగా పరుగెత్తరాదనియు, వెంటనే తోడి ఆటగానికి అందింపవలెననియు నియమము చేసి మరికొన్ని పోటీలు నడిపెను. ఒక్కని నేర్పు కన్న పదకొండుగురి పొందిక మేలని ఆయన నమ్మకము.

ఆ నమ్మకము దేశమునకును ఉపకరించెను. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో ఇరానును ఒక గోలుతో ఓడించి ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2 గోలులతో గెలిచి నాల్గవ స్థానమున నిలిచెను. ఆ బృందములో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ మున్నగు మన ప్రాంతపు ఆటగాండ్రు ఉండిరి. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారతము మరల స్వర్ణము గెలిచెను. అప్పటికే రహీంగారిని ఊపిరితిత్తుల క్యాన్సరు పీడించుచుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసెను. 2024లో ఆయన జీవితము ‘మైదాన్’ అను హిందీ చిత్రముగా వచ్చినప్పుడు, మనవారిలో పలువురు ఆయన పేరు మొదటిసారి వినిరి.

ఇట్టి జట్టు ఏల క్షీణించెను? దాని పునాదిని చూచినచో కారణము తెలియును. పోలీసు జట్టు ఉద్యోగముమీద నిలిచిన జట్టు. ఆటగానికి ఖాకీ దుస్తులు, నెలజీతము, వృద్ధాప్యమున పింఛను లభించును. పేదయింటి బాలునికి అది గొప్ప ఆధారమే. ఆటగాండ్రు ఏండ్లతరబడి ఒకేచోట కలసి ఆడుటచే పొందిక కుదిరెను. కాని కలకత్తా క్లబ్బులు అంతకు మించిన ప్రతిఫలమును, లక్షలాది అభిమానులను చూపెను. బలరామ్ ఈస్టు బెంగాలునకు పోయెను. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబు అదే త్రోవ పట్టిరి. 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టునకు నయీముద్దీన్ నాయకుడు. 1977లో పేలే ఆడిన న్యూయార్కు కాస్మాసు జట్టుపై మోహన్ బగాన్ తరఫున హబీబు గోలు చేసెను. వారు పుట్టినది ఇచ్చట; వారి పేరు మార్మ్రోగినది అచ్చట. గురువు పోయెను, శిష్యులు వలసపోయిరి, జట్టు పేరుకు మాత్రము మిగిలెను.

ఇక రెండవ కథ. 2019లో హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు ఏర్పడెను. ఇండియన్ సూపర్ లీగులో పుణె నగరపు జట్టు మూతపడగా, దాని స్థానమున ఇది వచ్చెను. ఆనాడు ఈ లీగులో యజమాని రుసుము చెల్లించి స్థానము పొందెడివాడు. ఆ స్థానము యజమానిదే కాని ఊరిది కాదు. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను; తక్కిన కథ అంతయు దీనిపై ఆధారపడియున్నది.

మొదటి యేడు ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచెను. అటుపిమ్మట స్పెయిను దేశస్థుడైన మనోలో మార్కెజ్ శిక్షకుడై, పేరులేని యువకులను చేరదీసి జట్టును తీర్చిదిద్దెను. ఆఫ్రికాలోని నైజీరియానుండి వచ్చిన బార్తలోమ్యూ ఒగ్బెచె 2021–22లో 18 గోలులు చేసి లీగులో అగ్రస్థానము పొందెను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్సుతో అంతిమ పోటీ జరిగెను. ఆట 1–1తో సమమాయెను. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా, హైదరాబాదు 3–1తో గెలిచెను. రహీంనాటి వైభవము తిరిగివచ్చినదని పెద్దలు సంతోషించిరి.

ఆ సంతోషము నిలువలేదు. రెండేండ్లు తిరుగకముందే డబ్బు కటకట వచ్చెను. ఆటగాండ్రకు జీతములు సకాలమున అందలేదు. ప్రపంచ ఫుట్‌బాలు సంస్థ కొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని నిషేధము విధించెను. పేరున్నవారు ఒక్కరొక్కరే వెడలిపోయిరి. 2023–24లో 22 ఆటలాడి ఒక్కటే గెలిచిరి. యాజమాన్యము మారెను. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు ధరించెను. పుణెనుండి మనకు ఏ త్రోవన వచ్చినదో, ఆ త్రోవనే మననుండి పోయినది.

మొదటి జట్టు ఒక ప్రభుత్వశాఖ ఆదరణమీద నిలిచెను. రెండవది ఒక యజమాని సంచిమీద నిలిచెను. ఆదరణ తగ్గినను, సంచి వట్టిపోయినను, అడిగి ఆపుటకు ప్రేక్షకునికి హక్కు లేకపోయెను. దీనికి భిన్నమైన మార్గము లేకపోలేదు. ఆఫ్రికా ఖండమున కైరో నగరములో 1907లో స్థాపించిన అల్ అహ్లీ అను క్లబ్బు కలదు. దాని సభ్యులు చందా కట్టి, ఓటు వేసి, అధ్యక్షుని తామే ఎన్నుకొందురు. రాజులు పోయిరి, ప్రభుత్వములు మారెను. ఆ క్లబ్బు ఊరు మారలేదు. 2024 నాటికి ఆఫ్రికా ఖండపు క్లబ్బుల కప్పును అది పన్నెండు పర్యాయములు గెలిచియుండెను.

మన నేలలో ఆటకు కొరతలేదు. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టులో ఆడి పేరు తెచ్చుకొనెను. ఈస్టు బెంగాలు 2025లో భారత మహిళా లీగును గెలిచినప్పుడు ఆమె ఆ జట్టులో నుండెను. అనగా నేటికిని మన బిడ్డలు రాణించుటకు కలకత్తా పోవలసియే ఉన్నది. కొరత ఆటగాండ్రది కాదు, మనదని చెప్పుకొనదగిన సంస్థది.

కనుక, మునగాల బాలకా! నీ ప్రశ్నకు మా సమాధానమిది. ఢిల్లీకి పోయినది ఒక యజమాని స్థానము మాత్రమే. ఎడమకాలితో బంతి తన్నుట నేర్పిన పంతులుగారి పాఠము ఎచ్చటికిని పోలేదు. ఆ పాఠమును మీ మైదానములో అభ్యసింపుము. మీ ఊరి పెద్దలు తలకొక రూపాయి చందా వేసి ఒక బంతి కొని, ఒక పేరు పెట్టిననాడు, ఎవ్వరును తరలించుకొనిపోలేని జట్టు మీకు ఉన్నట్లే. ఆ పసుపుపచ్చని చొక్కాను మాత్రము పారవేయకుము; 2022 నాటి గెలుపు నీదే.