లేసరు ఆట సామగ్రి వ్యాపారము: తలిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

మాళెగాం ఖండోబా జాతరకు పోయినవారికి బుడగల తుపాకి దుకాణము తెలియనిది కాదు. తెర మీద రంగురంగుల బుడగలు వరుసగా కట్టి, గాలి తుపాకిని పిల్లవాని చేతికిచ్చి, ఇన్ని గుండ్లకు ఇంత యని పైకము పుచ్చుకొందురు. దుకాణదారుడు అమ్మునది బుడగ కాదు, తుపాకియు కాదు. రెండు మూడు నిమిషముల ఉత్సాహము మాత్రమే. తుపాకి మరల అతని చేతికే వచ్చును. దాని స్ప్రింగు సడలినచో ఆ రాత్రి లాంతరు ముందు పెట్టుకొని తానే విప్పి బాగు చేసికొనును. ఆ పని చేతగానివాడు మరునాడు దుకాణము తెరువలేడు.

నేడు పెద్ద పట్టణములలో లేసర్ ట్యాగ్ అను పేర జరుగుచున్న ఆట ఈ బుడగల దుకాణమునకు మనుమని వరుస. గత సంవత్సరము మా పూర్వ విద్యార్థి యొకని తండ్రి నా యొద్దకు వచ్చి యిట్లు అడిగెను: "మావోడు హైదరాబాదుల ఆ ఆట చూసొచ్చిండు సార్. నాందేడుల పెడతనంటుండు. రెండెకరాలు అమ్మి పైసలియ్యమంటుండు. ఇయ్యాల్నా, వద్దా?" నేను ఆనాడు ఏమియు చెప్పలేకపోతిని. పిమ్మట తెలిసినవారిని అడిగియు, చదివియు గ్రహించిన సంగతులను ఇట వ్రాయుచున్నాను. మన భోకరు నుండి ఇట్టి కోరికతో నగరముల వంక చూచు యువకులు మరికొందరు కూడ ఉందురు గనుక, ఇది ఒక్క యింటి సంగతి కాదని నా తలంపు.

మొదట ఆట యెట్టిదో చెప్పెదను. ఆడువారు రెండు పక్షములుగా చీలుదురు. ఒక్కొక్కరికి ఒక ప్లాస్టిక్ తుపాకియు, చేతులు లేని ఒక కోటును ఇత్తురు. తుపాకి మీట నొక్కగా కంటికి కనబడని కాంతికిరణము వెడలును. అది ఎదుటివాని కోటునకు కుట్టిన గ్రాహకమునకు తగిలినచో కోటు మ్రోగి, దీపము వెలిగి, లెక్కయందు ఒక దెబ్బ చేరును. పేరు లేసరే గాని, ఈ తుపాకులలో పెక్కింటియందు దెబ్బను మోసికొని పోవునది లేసరు కాదు. అది పరారుణ కాంతి. అనగా మన టి.వి. రిమోటునందలి వెలుగే. ఎర్రని లేసరు గీత గురి చూపుటకు, చూడ ముచ్చటగా నుండుటకు మాత్రమే పెట్టుదురు.

సూర్యరశ్మియందును, గుండు దీపమునందును పరారుణ కాంతి యుండగా, గ్రాహకము తుపాకి కాంతిని ఎట్లు గుర్తించునను సందేహము కలుగవచ్చును. టి.వి. రిమోటునందలి చిన్న దీపము సాధారణముగా సెకనునకు 38,000 సార్లు ఆరుచు వెలుగుచుండును. గ్రాహకము అట్టి స్పందనమునకే బదులు పలుకును, తక్కిన వెలుగును లెక్కచేయదు. ఆట తుపాకులయందును ఇదియే మర్మము. ఆ స్పందనమునందే ఆటగాని సంఖ్యయు, పక్షపు సంఖ్యయు సంకేతరూపమున ఇమిడియుండును. కావుననే ఎవరు ఎవరిని కొట్టిరో యంత్రము చెప్పగలుగుచున్నది. అయినను మన వేసవి యెండ గ్రాహకముపై నేరుగా పడినచో అది మసకబారి, దెబ్బ అందు దూరము చాల తగ్గును. ఆరుబయట మధ్యాహ్నవేళ ఆడింతునని బయలుదేరువాడు ఈ యొక్క సంగతి ఎరుగక నష్టపోవును.

ఈ వ్యాపారము పుట్టిన తీరు కూడ తెలిసికొనదగినది. అమెరికా సైన్యమువారు 1970ల చివర నిజమైన తుపాకులకు లేసరు పరికరములు బిగించి, సైనికుల దుస్తులకు గ్రాహకములు కుట్టి, గుండు ఖర్చులేని యుద్ధాభ్యాసమును సిద్ధపరచిరి. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చలనచిత్రము చూచి ప్రేరణ పొందిన జార్జి కార్టరు అను నతడు 1984లో డల్లాసు నగరమున 'ఫోటాన్' అను ఆటశాలను తెరచెను. జనము విరుగబడి వచ్చిరి. 1986లో 'వరల్డ్స్ ఆఫ్ వండర్' అను బొమ్మల కంపెనీ 'లేజర్ ట్యాగ్' పేర ఇంటిలో ఆడుకొను సామగ్రిని అమ్మి మిక్కిలి లాభించెను. కాని 1987 డిసెంబరు నాటికే ఆ కంపెనీ అప్పులవారి నుండి రక్షణ కోరుచు న్యాయస్థానము మెట్లెక్కవలసి వచ్చెను. ఫోటాన్ శాలలును ఆ దశకము ముగియునాటికి దాదాపుగా మూతపడెను. వింత యున్నంతకాలము వరుసలు నిలిచినవి. వింత తీరిన వెనుక కొత్త ఆట కూర్చనివారును, పాత తుపాకిని బాగుచేయలేనివారును నిలువలేదు.

ఆ 1987లోనే కాలిఫోర్నియాలో రాత్రివేళ ఈ ఆట ఆడుచున్న 19 ఏండ్ల యువకుని, చేతిది నిజమైన తుపాకి యని భ్రమపడి, ఒక పోలీసు ఉద్యోగి కాల్చగా అతడు మరణించెను. పిల్లల చేతికి తుపాకి రూపమిచ్చుట యుక్తమా యని ఉపాధ్యాయుడనగు నాకు నేటికిని సంకోచమే. వ్యాపారము చేయువాడు కనీసము మెరయు రంగుల పరికరములు ఎన్నుకొని, వానిని వీథిలోనికి పోనీయకుండుట మేలు.

ఇక మనవారి సంగతి. హైదరాబాదునందు 1967లో అయ్యగారి సాంబశివరావుగారి పర్యవేక్షణమున ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసినది మొదలు ఆ నగరమున ఎలక్ట్రానిక్ పరికరములు చేయ నేర్చినవారికి కొరత లేదు. అచ్చటనే 1993లో అశోక్ అట్లూరి మొదలగువారు జెన్ టెక్నాలజీస్ అను సంస్థను నెలకొల్పిరి. పోలీసులకును, సైనికులకును గుండు లేకుండ గురి నేర్పు యంత్రములు, వాహనము నడుపుట నేర్పు యంత్రములు వారి సరుకు. అందు 'టాక్‌సిమ్' అనునది తుపాకులకు లేసరును, దేహమునకు గ్రాహకములను అమర్చి యుద్ధాభ్యాసము చేయించునది. పిల్లల ఆటకు పెద్దన్న యనవచ్చును. ఈ సంస్థకు 2021లో వాయుసేన నుండి డ్రోనులను అడ్డగించు పరికరములకై సుమారు 155 కోట్ల రూపాయల ఆర్డరు వచ్చినది. స్థాపించిన ఇరువదియెనిమిది ఏండ్లకు! నడుమ కాలమున యంత్రములు అమ్ముటయే గాక, అమ్మినవానిని ఏటేట చక్కగా నుంచుటకు ఒప్పందములు చేసికొని ఆ రాబడియు కూర్చుకొనిరి. సరుకు అమ్మునది ఒక్కమారు. మరమ్మతు ప్రతి సంవత్సరము. ఈ మాటయే ఆ తండ్రికి మొదట చెప్పితిని.

లెక్క వేసి చూపినగాని మనవారు నమ్మరు గదా! నాందేడులో ఒకడు 12 సెట్లు కొని ఆటశాల పెట్టెననుకొందము. ఒక ఆటకు పావుగంట, కోట్లు మార్చుటకు అయిదు నిమిషములు. గంటకు మూడు ఆటలు. సాయంత్రము నాలుగు గంటలలో 12 ఆటలు. అన్ని సెట్లును పనిచేసినచో 144 టిక్కెట్లు. రెండు సెట్లు చెడి మూల పడినచో 120. టిక్కెట్టు 50 రూపాయలని ఊహించినను, రెండు తుపాకుల వలన రోజునకు 1,200 రూపాయలు పోవును. ఆ తుపాకులను విక్రేతకు పంపి, అతడు పంపు విడిభాగములకై మూడు వారములు ఎదురుచూచినచో ఎంతయగునో మీరే గుణించుడు. ఇదియైనను శాల నిండిన దినపు లెక్క. నిజమునకు శని, ఆదివారములును, సెలవులును తప్ప జనము పలుచనగనే యుందురు. ఇంటి అద్దె మాత్రము సోమవారమును నిలువదు.

చెడునవి ఎక్కువగా చిన్న వస్తువులే. కోటునకును తుపాకికిని నడుమ నున్న తీగ మెలికపడి లోపల తెగును. మీట క్రింది స్విచ్చు అరుగును. చెమట వలన గ్రాహకపు అతుకులు తుప్పుపట్టును. అన్నిటికంటె బ్యాటరీలు త్వరగా నీరసించును. పెక్కు సెట్లలో లిథియం సెల్లులు వాడుదురు. 18650 అను రకము సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు గలది, సుమారు 3.7 వోల్టులది. 4.2 వోల్టులకు మించి చార్జి చేసినను, పాతవానిని కొత్తవానితో జోడించినను వేడెక్కి మండవచ్చును. రాత్రి చార్జికి పెట్టి నిద్రపోవుట తగదు. ఈ పనులన్నియు సోల్డరింగు కడ్డీ, మల్టీమీటరు చేతబట్టినవానికి కొలది నిమిషములవి. చేతబట్టనివానికి ప్రతిదియు ఒక చీటీ, ఒక పార్సిలు, ఒక బిల్లు.

కొనునప్పుడు చట్టమును చూచుకొనవలెను. 14 ఏండ్లలోపు పిల్లల ఆటకై చేసిన బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. దిగుమతి బొమ్మల పై సుంకమును 2020లో 20 నుండి 60 శాతమునకును, 2023లో 70 శాతమునకును పెంచిరి. విదేశపు ధర చూచి లాభము లెక్కించువారు ఈ సుంకమును మరచెదరు. గురి చూపు ఎర్ర లేసరు 1 మిల్లీవాటునకు మించరాదు. అంగడిలో దొరకు చౌక లేసరుల మీది అంకెలు నమ్మదగినవి కావు, కన్నులు పోయినచో తిరిగి రావు.

అగ్ని విషయము వేరుగా చెప్పక తప్పదు. 2024 మే 25న రాజ్‌కోట్ నగరమున ఒక ఆటల శాల తగులబడి, చిన్నపిల్లలతో సహా 27 మంది మరణించిరి. వెల్డింగు నిప్పురవ్వలు రేగుట, లోపల ఇంధనము నిలువయుంచుట, అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండుట బయటపడెను. లేసరు ఆటశాల స్వభావమే చీకటి గది, ఇరుకు మలుపులు, చెక్క గోడలు, నల్లగుడ్డ. రెండు వేరు ద్వారములు, కరెంటు పోయినను వెలుగు దారి దీపములు, ఆ శాఖవారి పత్రము లేనిదే ఒక్క టిక్కెట్టును అమ్మరాదు. ఆ ఖర్చు పెట్టుబడిలో మొదటి పంక్తి కావలెను గాని చివరిది కారాదు.

మరి పెరుగుట యెట్లు? నా యెరుకలో మన ప్రాంతమునకు శాల కంటె అద్దె సామగ్రియే తగినది. ఆరు సెట్లతో మొదలిడి, పుట్టినరోజులకును, పాఠశాల సమ్మేళనములకును, ఫంక్షను హాళ్లకును తీసికొనిపోయి ఆడించి తెచ్చుట. ఇందు అద్దె భారము లేదు. వింత తీరిన ఊరు విడిచి ముద్ఖేడు, భైంసా, నిర్మల్ వంటి వేరొక ఊరు పోవచ్చును. ఆపై ఇతర ఆటశాలలవారి సెట్లకు మరమ్మతు ఒప్పుకొనవచ్చును. చిన్న పెట్టుబడికి 2015లో ఏర్పడిన ముద్ర ఋణములు కలవు. పొలము జోలికి పోనక్కరలేదు.

తెలుగు మాధ్యమమున చదివినవానికి ఇవి యెట్లు అబ్బునని కొందరడిగిరి. ఐ.టి.ఐ.లలో 'ఎలక్ట్రానిక్స్ మెకానిక్' అను రెండేండ్ల శిక్షణ కలదు. అందలి రెసిస్టరు, కెపాసిటరు, సర్క్యూటు అను మాటలు మరాఠీ పిల్లవానికిని, మన పిల్లవానికిని ఒకటే, ఇరువురికిని పరాయివే.

ఆ తండ్రి పొలము అమ్మలేదు. కొడుకు కొంతకాలము అలిగి, పిదప నాందేడులో మొబైలు మరమ్మతు దుకాణమున చేరినాడు. మొన్నటి మా స్నేహసమ్మేళనమునకు ఎక్కడనో కొన్న రెండు పాత సెట్లు సంచిలో వేసికొని వచ్చెను. మైదానపు ఎండలో అవి పలుకలేదు. వరండాలోనికి తెచ్చినంతనే ఒకటి మ్రోగెను, రెండవది మ్రోగలేదు. అతడు అచ్చటనే నేలమీద కూర్చుండి కోటు విప్పి, తెగిన తీగను చూపగా, ఎనిమిదవ తరగతి పిల్లలు ఆట మరచి అతని చుట్టును మూగిరి.