నేల నుంచి జీవికి: రేడియోధార్మిక పదార్థాల గమనంపై అధ్యయనం

హైదరాబాద్: రేడియోధార్మిక పదార్థాలు మట్టి, నీరు, మొక్కలు, జంతువుల మధ్య ఏ విధంగా సంచరిస్తాయో, వాటిపై ఎట్టి ప్రభావం చూపుతాయో పరిశీలించే శాస్త్రమే రేడియో జీవావరణ శాస్త్రం. యురేనియం నిక్షేపాలు గల తెలుగు ప్రాంతాలకు ఇది ఎంతో అవసరమైనది.

నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయానికి సమీపాన గల లంబాపూర్-పెద్దగట్టు యురేనియం గని ప్రతిపాదనపై 2003 ఆగస్టు 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. తాగునీరు, పంటల భద్రతపై స్థానికులు ఆందోళన వ్యక్తం చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగ పరిశోధకులు ఈ ప్రాంత గ్రామాలలోని ఇళ్లలో రాడాన్, థోరాన్ వాయువుల స్థాయిని కొలిచి, ఫలితాలను 2010వ దశకంలో ప్రచురించారు. తవ్వకానికి ముందే సేకరించే ఇట్టి కొలతలను ప్రాథమిక స్థాయి వివరాలంటారు. ఇవి లేనిదే, తర్వాత కనిపించే రేడియేషన్ ప్రకృతిసిద్ధమైనదో, గని వలన కలిగినదో తేల్చడం కష్టసాధ్యం.

అన్ని మూలకాల గమనం ఒకే విధంగా ఉండదు. యురేనియం అధికంగా మొక్కల వేళ్లలోనే నిలిచిపోతుంది; ఆకులకు, గింజలకు తక్కువగా చేరుతుంది. రేడియం, స్ట్రాన్షియం కాల్షియంను పోలినందున ఎముకలలో చేరతాయి. పొటాషియంను పోలిన సీజియం కండరాలలో వ్యాపిస్తుంది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత ఉత్తర ఐరోపాలో లైకెన్లపై పడిన సీజియం, వాటిని మేసిన రెయిన్‌డీర్ మాంసంలోకి చేరింది.

మొక్కలోని రేడియోధార్మికతను మట్టిలోని దానితో భాగిస్తే బదిలీ గుణకం లభిస్తుంది. కిలో మట్టిలో 100 బెకరెల్, కిలో పంటలో 1 బెకరెల్ ఉంటే గుణకం 0.01 అవుతుంది. అయితే మనిషికి చేరే మోతాదు అతడు తినే ఆహార పరిమాణంపై ఆధారపడుతుంది. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువన, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా నిర్వహించిన ఆహార సర్వేలు ఇట్టి లెక్కలకు ఉపకరిస్తాయి.

మనిషికి రక్షణ ఉంటే ఇతర జీవులకూ ఉన్నట్లేనని పూర్వం భావించేవారు. ఆ భావన చాలదని గుర్తించి, అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2008లో జింక, కప్ప, తేనెటీగ, వానపాము సహా 12 రకాల జంతువులు, మొక్కలను ప్రమాణంగా నిర్దేశించింది. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించిన నేపథ్యంలో అడవి జీవుల అంశం ప్రత్యేకంగా గమనార్హం.

బెకరెల్ పదార్థంలో సెకనుకు జరిగే అణు విఘటనను తెలిపితే, సీవర్ట్ మానవ శరీరంపై రేడియేషన్ ప్రభావ మోతాదును తెలుపుతుంది. ఒకదానికి బదులు మరొకటి వాడితే ప్రజలలో అకారణ భయమో, అకారణ ధీమాయో కలుగుతుంది. కావున ఏ అంకెనైనా ప్రకటించే ముందు దాని ప్రమాణం, నమూనా సేకరించిన స్థలం, తేదీ, అక్కడి ప్రాథమిక స్థాయి సరిచూసుకొనుట అవసరం.