విషాద నాటకమును చదువుట

మార్కాపురము చేరువనున్న త్రిపురాంతకమును శ్రీశైలమునకు తూర్పు వాకిలి యందురు. ఆ శ్రీశైలమందలి భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణమున గౌరన కవి పదునైదవ శతాబ్దమున ‘నవనాథ చరిత్రము’ను ద్విపదలో రచించెను. అందు సారంగధరుని కథ కలదు. సవతితల్లి మోపిన నిందవలన, తండ్రి యాజ్ఞచే కాలుసేతులు కోల్పోయిన యా రాకుమారుడు సిద్ధుని కరుణచే వానిని మరల పొందును.

బళ్లారిలో వకీలుగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) ఈ కథనే 1889లో ‘విషాద సారంగధర’ నాటకముగా రచించి, శోకాంతము గావించెను. నాటకము మంగళముతో ముగియవలెనను ఆచారము బలముగా నున్న దినములవి. 1891లో మద్రాసున ఆయన సమాజము వారి ప్రదర్శనములు చూచియే పమ్మల్ సంబంధ మొదలియారు తమిళ నాటకమునకు పూనుకొనెను.

కథలో ‘ఆమె కోపించెను’ అని రచయిత చెప్పును. నాటకములో ఆ కోపమును మాటలలో మనమే పట్టుకొనవలెను. ఎవరు, ఎవరితో, ఏమి యెరిగి పలుకుచున్నారు? ఏమి దాచుచున్నారు?

పావురమునకై రాకుమారుడు చిత్రాంగి మేడకు పోయెను. అతడామెను తల్లిగా నెంచును. ఆమె యతనిని కుమారునిగా నెంచదు. ‘అమ్మా’ యను పిలుపు అతని నోట గౌరవము, ఆమె చెవికి తిరస్కారము. బిగ్గరగా చదువునపుడు రెండును వినబడవలెను.

చిత్రాంగిని దుష్టురాలని త్రోసివేయుట సులభము. కొందరు చెప్పు కథలో ఆమె మొదట చూచినది సారంగధరుని చిత్రపటము, పెండ్లియాడినది రాజును. ఇది ఆమె అబద్ధమును ఒప్పు చేయదు గాని, ఆమె పలుకులలోని వేదనను వినుటకు మనలను సిద్ధపరచును.

నా దృష్టిలో అన్నిటికంటె కఠినమైన పాత్ర రాజరాజనరేంద్రునిది. (చరిత్రలోని రాజరాజనరేంద్రుడు నన్నయను పోషించిన ప్రభువు, ఈ కథను చరిత్రగా నెంచరాదు.) ఇతడు క్రూరుడు కాడు. తనవాడైనను దండింపవలెనను పట్టుదల గలవాడు. ఆ పట్టుదలయే విచారణ లేకుండ తీర్పు పలికించెను. ఆ ఘట్టము చదువునపుడు రాజెరిగినదేమి, మనమెరిగినదేమి యని పలకపై రెండు గడులు గీసి వ్రాసికొనుడు. పలకలకు పేరుపడిన మార్కాపురములో ఇది కష్టము కాదు గదా! మన గడి నిండుచుండును. రాజు గడిలో ఒక్క అబద్ధమే మిగులును. మనకు తెలిసినది అతనికి చెప్పజాలక పోవుటయే ఇచ్చటి దుఃఖము.

తరగతిలో పాత్రలు పంచుకొనునపుడు చిత్రాంగి భాగమును ఎవరును కోరరు. దానిని చక్కగా చదువగల వారికే ఈయవలెను. మరునాడు రాజుగా చదివినవారు సారంగధరుని మాటలు చదువవలెను.